ఏలీయా రొట్టె ముట్టని ఆదివారం

సంతబొమ్మాళి అవతల, సముద్రం హోరు వినబడే ఊళ్లో ఏలీయా బాప్టిస్టు సంఘపెద్ద. బతుకుతెరువుకి టెక్కలిలో ఒక కాలేజీలో అటెండరు. నెలకో ఆదివారం గుడిలో అందరూ రొట్టె పంచుకునే ప్రభువు బల్ల నాడు రొట్టె పళ్లెం పట్టుకుని వరస వరసకీ తిరిగేది ఆయనే. మనసులో పాపం పెట్టుకున్నవాళ్లు ఆ రొట్టె ముట్టరు, అది కట్టుబాటు. ఆ ఆదివారం ఏలీయా పళ్లేన్ని ఇంకో పెద్ద చేతిలో పెట్టేసి, వెనక్కి పోయి తలొంచుకు కూర్చున్నాడు. తన దాకా వచ్చినా రొట్టె తీసుకోలేదు.

ఆడవాళ్ల వైపు నుంచి ఆయన భార్య దయామణి మెడ తిప్పి ఆయన్నే చూసింది. బీడీ ముక్క ఎరగడు, రాలిన కొబ్బరికాయ పరాయివాడిదైతే కాలితో కూడా తాకడు. ఈ మనిషి చేసిన పాపం ఏమిటి?

గుడి బయటే పొరుగింటి ముసలమ్మ పట్టుకుంది. "ఏటే దయామణీ, ఏలీయా బావకి టెక్కల్లో ఏటైనా ఉందేటి?"

ఊరి నోటికి మూతెవరు పెడతారు? సాయంత్రానికి ఏలీయాకి టెక్కలిలో ఇంకో సంసారం వెలిసింది. దీపాలు పెట్టేవేళకి దానికో బిడ్డ కూడా పుట్టింది.

దయామణి నమ్మలేదు. కానీ ఈమధ్య ఆయన ఇంటికి ఆలస్యంగా వస్తున్నాడు, అడిగితే బస్సు లేటంటున్నాడు. రొట్టె ఎందుకు మానారంటే, "నాను తగనే, అంతే" అని గోడవైపు తిరిగాడు. ఆ మాటతో ఆమెకి అన్నం సయించలేదు.

మర్నాడు, టెక్కలిలో చెల్లెలికి జ్వరమని పొరుగింట్లో చెప్పి బస్సెక్కింది. కాలేజీ ఎదుట కాపు కాసి, వదిలాక ఆయన వెనకే నడిచింది. ఏలీయా బస్టాండు వైపు పోలేదు. సందులోకి తిరిగి ఒక నెట్ సెంటర్లో దూరాడు. దయామణి గుమ్మం దగ్గరే ఆగిపోయింది. కర్టెన్లు కట్టిన ఆ చెక్క గదుల్లో పిల్లలు పాడైపోతున్నారని, అక్కడ అడుగుపెట్టినవాడు సంఘానికి తగడని గుడిలో నిప్పులు చెరిగింది ఈయనే కదా! అలాంటి గదిలోకే వెళ్లి కర్టెన్ లాక్కున్నాడు. లోపల ఎవత్తుందో? ఊపిరి ఉగ్గబట్టి కర్టెన్ బర్రున లాగింది.

ఎవరూ లేరు. ఏలీయా ఒక్కడే నోరు తెరుచుకుని కంప్యూటర్ కేసి చూస్తున్నాడు. తెర మీద పైనుంచి సన్నగా ఇసక రాలుతోంది.

"ఏటండిది?"

ఏలీయా ఉలిక్కిపడి లేచాడు. "ఆటే. ఇసకాట. గీత గీత్తే గోడవుద్ది, నీలొదిల్తే కారతాయి, గింజేత్తే మొక్క లెగుత్తాది. పావుగంటాడి వచ్చెత్తాను."

"దీనికా రొట్టె మానేసారు?"

"బస్సు లేటని నీతో అబద్ధమాడాను. అందరికీ ఒద్దని సెప్పి నానే ఒచ్చాను. ఏ మొకం పెట్టుకుని ముట్టమంటావు?"

"మీకింకో పెళ్లాం ఉందని ఊరంతా అంటంది!"

"నాకా?" అని ఏలీయా కుర్చీలో కూలబడ్డాడు.

గొంతు చించుకుని తిడదామనే దయామణి నోరు తెరిచింది. అంతలో తెర మీద నీళ్లు గోడ దాటి ఇసక గుట్టని లాక్కుపోతున్నాయి. "అయ్యో, గోడ ఎత్తు సెయ్యండి!" అని అరిచింది. ఆయన మౌసు ఆమె చేతికిచ్చాడు. గీత వంకరగా వచ్చింది గానీ నీళ్లు ఆగాయి. పెళ్లైన నాటినుంచి ఇసకలో గోతులు తీసి, కుండలతో నీళ్లు మోసి కొబ్బరి మొక్కలు బతికించిన చేతులవి. ఇసక తన మాట వినడం ఆమె ఎన్నడూ చూడలేదు.

ఏలీయా ఆట మానేశాడు. మళ్లీ బల్ల నాడు లేచి నిలబడి, అబద్ధంతో సహా అంతా ఒప్పుకున్నాడు. గుడి బిత్తరపోయింది. ముందుగా తేరుకున్నది ముసలమ్మే.

"ఇసకా? ఊరంతా ఇసకే కద బావా, దానికి టెక్కలెందుకు?"

పాస్టరుగారు కూడా నవ్వాపుకోలేక, పళ్లెం తిరిగి ఆయన చేతిలో పెట్టారు.

వెలిగిపోతున్న మొహంతో ఏలీయా ఆడవాళ్ల వరసలోకి వచ్చి పళ్లెం దయామణి ముందు పట్టాడు. ఆమె చెయ్యి లేవలేదు. ఆయన మానేశాడు గానీ, చెల్లెలికి జ్వరం తగ్గలేదని ఆయనతో చెప్పి ఆమె ఈ నెలంతా టెక్కలి వెళ్తూనే ఉంది.

"తీసుకోయే," అన్నాడు గొంతు తగ్గించి.

"మా సెల్లికి జొరం రాలేదండి," అంది దయామణి.

వెనక వరసలో ముసలమ్మ బుగ్గలు నొక్కుకుంది.