బొడ్డమ్మ ఎడమ చెప్పు

2017 ఏప్రిల్ పంతొమ్మిదో తేదీ, బుధవారం. గాలి స్తంభించి కొబ్బరాకు సైతం కదలని ఉక్కపోత. సముద్రపు తేమ జీడితోటల మీద వాలి, ఎండ ఇంకా ముదరని ఆ వేళ లోకమంతా పలచని పాలలో మునిగినట్లుంది.

పూండి నుంచి పలాస వెళ్లే ఆటోలో నా పక్కన బొడ్డమ్మ కూర్చుంది. ఒకప్పుడు ఐదో తరగతిలో నా విద్యార్థిని, గుండ్రని దస్తూరీ. ఇప్పుడు నలభై దాటిన మనిషి, జీడితోటల్లో కూలి చేస్తుంది. భర్త కూర్మయ్య రెండేళ్ల కిందట కిడ్నీ జబ్బుతో పోయాడు. నెల రోజులుగా ఆమె ఎడమ పాదం చెప్పిన మాట వినడం లేదు.

“కాలు తిమ్మిరి మేస్టారూ. మావకీ ముందు కాళ్లే కదేటి పట్టుకున్నాయి? నానూ అదే దారేటి?”

కిడ్నీల రక్తపరీక్షకు రమ్మని ఎవరు పిలిచినా ఆమె వెళ్లలేదు. తెలియనంత కాలం ఆ జబ్బు తనకు లేనట్లేనని ఆమె నమ్మకం. నేను తోడు వస్తానంటేనే ఆటో ఎక్కింది.

తిమ్మిరి అన్న మాట గురించి కొంత చెప్పాలి. మొద్దుబారినా తిమ్మిరే, చీమలు పాకినా తిమ్మిరే, బలం తగ్గినా తిమ్మిరే. మా అమ్మ కళ్లు తిరిగినప్పుడు కూడా తిమ్మిరనే అనేది. ఇన్ని బాధలను ఒక్క గూటిలో దాచుకున్న ఆ పదాన్ని విప్పి చూడడం వైద్యులకు ఎంత పనో ఆ బుధవారమే గ్రహించాను.

కాశీబుగ్గలో డాక్టరు ప్రమోదినిది చిన్న గది. పక్కనే మందస ఊరి పిల్ల, జ్వరం నుంచి పక్షవాతం దాకా అన్నీ ముందు ఆమే చూస్తుంది. గుమ్మం బయట చెప్పులు విడిచి బొడ్డమ్మ వరండాలోకి అడుగుపెట్టింది. ఎడమ పాదం వేలాడుతుంటే మోకాలు పైకెత్తి వేస్తోంది. కొబ్బరికాయల వ్యాపారి పోతురాజు బల్ల మీంచి నవ్వాడు.

“ఏటే అప్పా, కోడిపుంజు లాగ ఎత్తెత్తి ఏస్తన్నావు? పొద్దున్నే పుచ్చుకున్నావేటి?”

“నీకున్న తీరిక నాకేదిరా?” అంది బొడ్డమ్మ.

లోపల డాక్టరు, పక్షవాతమేమోనని, ఆమెను నవ్వమంది, చేతులు చాచి కళ్లు మూసుకోమంది. అవి సరిగానే ఉన్నాయి. నడుం నొప్పి లేదు. మునివేళ్ల మీద చక్కగా నిలబడింది. మడమల మీద నిలబడమంటే మాత్రం ఎడమ పాదం లేవలేదు.

“మీ చెప్పులేవమ్మా?”

“బయటిడిసినాను. లోపలికెలా తెత్తాం తల్లీ?”

“నాకు కావలసింది అవే. అందరూ బయటే వదిలేసి వస్తారు!”

నేనే వెళ్లి తెచ్చాను. ఎడమ చెప్పు ముందంచు, అరగదీసినట్లు, సగం పోయింది. పాదం వాలి నేలకు రాసుకుంటోందని డాక్టరు చూపించింది.

“ఇవి మా సెల్లివి, తెచ్చినప్పుడు బాగానే ఉన్నాయి. నావి ఒకటి పోనాది,” అని బొడ్డమ్మ చెప్పసాగింది. చెప్పు పోయిన సాయంత్రం తోటలో పని ముగించుకుని ఒంటరిగా వస్తోందట. రాలిన జీడాకుల మీద సంజ వెలుతురు పడి, నేల ఏదో మెరిసే నీటిలా కనిపించిందట. ఆ నీటిలో నడుస్తున్నట్టే ఉందట, ఎడమ పాదం తనది కాక ఎవరో పక్కన నడుస్తున్నట్టుందట. ఇసుక చల్లగా తగిలాకగానీ చెప్పు జారిన సంగతి తెలియలేదు. వెనక్కి వెళ్లి ఆకుల్లో వెతికితే దొరకలేదు.

డాక్టరు తలెత్తింది. “ఇసుక చల్లగా తగిలిందా? అయితే అరికాలికి తెలుస్తోందన్నమాట.”

దూదితో అరికాలు తాకితే తెలిసింది. పాదం పైన తాకితే తెలియలేదు. మోకాలి వెలుపలి పక్కన, కిందుగా, వేలితో తట్టింది.

“ఓలమ్మో! పాదం దాకా సీమలు పాకినాయి!”

“అదే చోటు. ఈమధ్య చిక్కారా? ఏం తింటున్నారు?”

బొడ్డమ్మ తల దించుకుంది. “మావకి మానీమన్నవన్నీ నానూ మానీసినాను. ఉప్పు, పప్పు, అరిటిపండు. ముందే మానీత్తే రాదు కదేటని.”

డాక్టరు మళ్లీ అదే చోట వేలు ఆనించింది. “అమ్మా, ఇక్కడ ఎముక మీద చర్మం కిందే ఒక నరం పోతుంది. మీరు తిండి మాని చిక్కిపోయారు, దానిపైన ఉన్న కాస్త మెత్తదనమూ పోయింది. ఆ పైన రోజంతా గొంతుక్కూర్చుని జీడిపిక్కలు ఏరుతున్నారు. నరం నలిగింది. పీట మీద కూర్చోండి, అందరిలాగే తినండి. చాలావరకు నెలల్లో తిరిగొస్తుంది. రాకపోతే పెద్ద డాక్టరుకు చూపిద్దాం.”

“అయితే కిడ్నీ నేదా?”

“కాలు చూసి ఆ మాట చెప్పలేను. రక్తం ఇవ్వాలి.”

బయట ఏదో బస్సు హారను మోగి ఆగింది. బొడ్డమ్మ తన చేతిని తానే, ఎవరికో అప్పగిస్తున్నట్టు, బల్ల మీద పెట్టింది.

మధ్యాహ్నానికి ఫలితం వచ్చింది. షుగరు లేదు. కిడ్నీలు బాగున్నాయి. ఏడాదికొకసారి చూపించుకోమంది డాక్టరు. బస్టాండు ఎదుట హోటల్లో బొడ్డమ్మ పప్పు కలుపుకుని, మొదటి ముద్ద నోట పెట్టుకుని, చాలాసేపు కళ్లు మూసుకుంది.

“ఉప్పు సాల్నేదు మేస్టారూ,” అని ఏడ్చింది.

ఆ పాదం వానలు ముగిసేసరికి లేచింది. తరవాత నేను టెక్కలి చేరాను. 2021లో ఆమె నుంచి ఈ ఉత్తరం వచ్చింది. జీవితమంతా పిల్లల రాతలు దిద్దిన నా ఎర్రసిరా కలం దీని జోలికి పోలేదు.

“మేస్టారుకి బొడ్డమ్మ దండాలు. తిత్లీ తుపానుకి జీడిసెట్లు పడిపోనాయని తమకి తెలుసు. ఇప్పుడు కొత్త మొక్కలు ఏత్తన్నాం. నాను పీట మీదే కూకుంతన్నాను, అందరూ జమిందారమ్మ అని నవ్వుతున్నారు. ఏటేటా రగతం ఇత్తన్నాను. ఎలినప్పుడల్లా బయమే, అయినా ఎల్తన్నాను. పోతురాజుకి కాలు తిమ్మిరంట, సెప్పులట్టుకుని ఎల్లమన్నాను. మొన్న మొక్కకి గొయ్యి తవ్వుతుంటే నా ఎడం సెప్పు దొరికింది మేస్టారూ. కడిగితే బాగానే ఉన్నాది. కుడిది ఎప్పుడో పారేసినాను. ఇప్పుడు దీన్నేటి సేసుకోను?”