బ్యాడ్జికి నేను రాసిన మూడో నిబంధన

2023 జూలై 10, సోమవారం ఉదయం పదకొండు గంటలకు మా అమలాపురం కళాశాల ప్రిన్సిపాల్ గారు నన్ను పిలిచి, విద్యార్థులకు ఇవ్వబోయే డిజిటల్ బ్యాడ్జిలకు అర్హతా నిబంధనలు రాయమన్నారు. ఈ బ్యాడ్జి చొక్కాకు తగిలించుకునేది కాదు; ఇంటర్నెట్‌లో ఉండే చిన్న బొమ్మ. దాన్ని నొక్కితే ఫలానా విద్యార్థికి ఏ పని వచ్చునో, దాన్ని ఎవరు పరీక్షించారో కనిపిస్తుంది.

మా వంశంలో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేను. ఆ హోదాకు తగ్గట్టు ఇప్పటికీ కిరాణా చీటీ కింద కూడా సంతకం చేస్తాను. అలాంటివాణ్ణి నిబంధనలు రాయమంటే రాజ్యాంగ రచనకు నియమించినట్టే భావించాను. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, ఇంట్లోనే కూర్చుని రాశాను.

మొదటి రెండూ మామూలువే: పని పూర్తి చేయాలి, దాని నమూనా చూపాలి. నా ప్రతిభంతా మూడోదానిలో ఉంది. "అభ్యర్థి తాను స్వయంగా సాధించినదేమిటో 'నేను చేశాను' అని వీడియోలో నిస్సంకోచంగా ప్రకటించవలెను." ఆ చివరి 'వలెను' చూసుకుని నేనే ముచ్చటపడ్డాను.

ఆగస్టులో వీడియోలు వచ్చాయి. ఒక్కరూ నెగ్గలేదు. మంచి పని చేసినవాడు దాన్ని తన ఖాతాలో వేసుకోవడం మా కోనసీమలో మర్యాద కాదు. ఒకడు అంతా ప్రభువు కృప అన్నాడు. మరొకడు నా పేరు చెప్పి, అంతా ఈ మాస్టారి చలవే అన్నాడు. అతని ప్రాజెక్టు నేను చూసి ఎరుగను. అందరినీ తిరస్కరించాను, ఈ రెండోవాణ్ణి మాత్రం కొంచెం బాధపడుతూ.

వారిలో బండారులంక నేతవారి అమ్మాయి ఒకతె ఉంది. చీర అంచుల నమూనాలను కంప్యూటరులో గీసింది. శుక్రవారం సాయంత్రంలోగా బ్యాడ్జి పంపితేనే విశాఖలోని ఒక డిజైన్ సంస్థ ఆమెను శిక్షణకు పరిశీలిస్తుంది. గురువారం నా గదికి వచ్చింది.

"ఈ అంచులు ఎవరు గీసేరమ్మా?"

"ఆయ్, నమూనాలు మా నాన్నగారివేనండీ."

"కంప్యూటరులోకి ఎక్కించింది?"

"ల్యాబు సార్ గారు దగ్గరుండి చూపించేరండీ."

"మరి నువ్వేం చేసేవు?"

"నాదేముందండీ, ఏదో అలా కుదిరిపోయింది."

మూడో నిబంధన చదివి వినిపించాను. వినయంగా "ఆయ్" అంది. మళ్లీ అడిగితే వాళ్ల అమ్మగారికి కూడా వాటా వచ్చింది.

అంతలో ప్రిన్సిపాల్ గారు గుమ్మంలోంచి, "మాస్టారూ, నిబంధనలు భలే రాసేరండీ! మొత్తం మీరేనా?" అన్నారు.

నేను లేచి నిలబడి, "అబ్బే, నాదేముందండీ, అంతా తమరి ప్రోత్సాహం" అన్నాను.

ఆయన వెళ్లేసరికి ఆ అమ్మాయి చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని నేల చూస్తోంది. నవ్వుతోందని తెలుసుకోవడానికి డిగ్రీ అక్కరలేదు.

పరువు కాపాడుకుందామని, ఆమె బొమ్మల్లో ఒకదాని మీద వేలు పెట్టి, "ఈ హంసలు ఇలా ఒరిగిపోయేయేం?" అని గద్దించాను.

"అది నేనేనండీ!" అంది, క్షణం ఆగకుండా. "నాన్నగారి గళ్ల కాగితం చూసి గీసేటప్పుడు అడ్డం గళ్లు నేనే తక్కువేసేను. ల్యాబు సార్ గారికి కూడా అంతు చిక్కలేదండీ. అప్పుడు నేనే మొత్తం చెరిపేసి, గళ్లు కొత్తగా వేసి, హంసల్ని ఒక్కోటీ నిలబెట్టేను. ఇదిగోండి, సరైంది ఈ పక్కనుంది."

ఇంకా చాలాసేపు చెప్పింది. ప్రతి మాటలోనూ 'నేను' ఉంది. మెప్పు దగ్గర వెనక్కి జరిగే మా వాళ్లు తప్పు దగ్గర తామే ముందుకొస్తారు. పుట్టినప్పటి నుంచి ఇక్కడే ఉన్న నాకు నిబంధన రాసేటప్పుడు ఆ సంగతి తట్టలేదు.

ఆ మాటలే మళ్లీ చెప్పించి వీడియో తీయించాను. ప్రిన్సిపాల్ గారి అనుమతితో మూడో నిబంధన కొట్టివేసి, "పనిలో ఎక్కడ పొరపాటు జరిగిందో, దాన్ని ఎలా సరిదిద్దారో చెప్పాలి" అని రాశాను. శుక్రవారం మధ్యాహ్నం బ్యాడ్జి విశాఖ వెళ్లింది. ఆమె శిక్షణకు ఎంపికైంది. తిరస్కరించిన మిగతావారందరినీ మళ్లీ పిలిచాను. అప్పటి నుంచి మా కళాశాలలో బ్యాడ్జి కోసం ఎవరూ తమ గొప్ప తాము చెప్పుకోనవసరం లేదు.