దాదా పూచీ మీద

ఆ రోజుల్లో గుర్తింపు కార్డులెందుకు, ముఖం చాలదా అనుకునేవాణ్ణి. నా ముఖం మీద నాకంత నమ్మకం. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో కలిదిండి దగ్గర ఒక చేపల ప్యాకింగ్ షెడ్డులో సూపర్‌వైజరుగా చేరాను (మా మేనమామ చేర్పించాడు లెండి). అక్కడ ఐసు వేసి చేపలు సర్దేవాళ్ళలో బెంగాల్ నుంచి వచ్చినతను ఒకడుండేవాడు. అందరం దాదా అనేవాళ్ళం, వాళ్ళ భాషలో అన్న అని. ఏళ్ళ తరబడి ఇక్కడే ఉండి తెలుగు మాకంటే మెత్తగా మాట్లాడేవాడు. బెంగాల్‌లో వాళ్ళ ఊళ్ళో అతని కూతురికి అన్నప్రాసన పెట్టారు. పుట్టిన దగ్గర్నుంచీ పాప ముఖమే చూడలేదతను. ఏలూరులో మధ్యాహ్నం రైలు తప్పిందా, ఆ వేడుక తండ్రి లేకుండానే జరిగిపోతుంది. షెడ్డు వ్యానులో స్టేషన్‌కి దింపే పని నాకు పడింది.

బెంగాలీ మాట్లాడే పొరుగు దేశంవాళ్ళు దొంగతనంగా వచ్చి చేపల చెరువుల మీద పనిచేస్తున్నారని అప్పట్లో ఓ పుకారు. పోలీసులు దారిలో బళ్ళు ఆపి ఆరాలు తీస్తున్నారు. నేను మహా తెలివైనవాణ్ణి కదా! "దాదా, ఎవరాపినా నువ్వు నోరు విప్పకు. నే చూసుకుంటాగా" అని దారి పొడుగునా నూరిపోశాను.

కైకలూరు దాటాక ఆపనే ఆపారు. మావైపు పోలీసులు అనుమానించినా అండీ తగిలించే అనుమానిస్తారు. "ఏవండీ, ఓసారి దిగుతారా?" అన్నాడు హెడ్డుగారు. దిగి, ఎందుకో తెలీదు, సెల్యూట్ కొట్టాను. ఎక్కడికని అడిగితే ఇంకో సెల్యూట్ కొట్టాను. దాదా నేను చెప్పినట్టే నోరు విప్పకుండా, వ్యానులోంచే ఓటరు కార్డు తీసిచ్చాడు. నా లైసెన్సేమో ఇంట్లో ఇంకో చొక్కా జేబులో ఉంది.

"ఆయన సంగతి సరేనండీ, ఇంతకీ మీదే దేశం?" అన్నాడు నన్ను.

"ఉంగుటూరండీ!" అన్నాను. ఏడుపొక్కటే తక్కువ.

రైలు టైమైపోతోంది. దాదా ఇక ఆగలేక దిగిపోయాడు. "ఏవండీ, మీదే ఊరండీ?" అని హెడ్డుగారినే అడిగాడు.

"తాడేపల్లిగూడెం."

"అయ్యో, మా షెడ్డులో వంటమ్మగారిదీ గూడెమేనండీ! మీకు చుట్టాలేమో కనుక్కుంటాను. మా పాప అన్నప్రాసనండీ, రైలు పోద్ది. ఈయన మా సూపర్‌వైజరుగారు. మంచోరేనండీ, కాస్త పిరికోరు, అంతే. ఈయనకి నేను పూచీ."

హెడ్డుగారు పకపకా నవ్వాడు. "ఇదండీ మన పద్ధతి! ఊరూ పేరూ అడక్కుండా సెల్యూట్ కొడితే అనుమానం రాదా మరి? వెళ్ళండి, వెళ్ళండి."

ఏలూరులో రైలు కదులుతుండగా దాదాని ఎక్కించాను. తలుపు దగ్గర నిలబడి, ముఖమంతా నవ్వుతో అరిచాడు: "జాగ్రత్తగా వెళ్ళండి సార్! ఎవరైనా ఆపితే నా పేరు చెప్పండి!"

నాకూ నవ్వొచ్చింది. ఇప్పుడు తలుచుకుంటే ఇంకా నవ్వొస్తుంది. తిరుగుదారిలో అక్కడే మళ్ళీ ఆపారు మరి. కొత్త కానిస్టేబుల్. పుట్టి పెరిగిన గడ్డ మీద నిలబడి, నేను నిజంగానే దాదా పేరు చెప్పాను. హెడ్డుగారు అప్పటికే అందరికీ చెప్పేసినట్టున్నాడు, వెంటనే వదిలేశారు.