మంచానికి చీటీ పాట

ఆన్‌లైన్ వేలంలో మా టేకు మంచానికి రెండున్నర వేలు పాడిన రాప్తాడు ఆయన ఈ రోజు ఆటోతో వచ్చాడు. మంచం ఉన్న గదిలోకి రేపు అద్దెకు వస్తున్నారు, నాకూ తొందరే. మంచం విప్పి ఆటోకెక్కించాక, పదిహేను వందలు చేతిలో పెట్టాడు.

"ఏమప్పా, నువ్వు పాడింది రెండున్నర వేలు కదా?"

"రెండున్నర వేలు తగ్గించమని పాడినానక్కా. నాలుగు వేలకు కొన్నామని వేలంలో మీరే రాసినారు, అందులో పోతే పదిహేను వందలే!"

"తగ్గించి పాడేది చీటీ పాటలో. ఇది మంచం. దించు."

"మళ్లా బిగించేదెవరు?"

"విప్పినోడే!"

చెమటలు కక్కుతూ వరండాలోనే బిగించి, గొణుక్కుంటూ పోయాడు. రేపు అద్దెకు వచ్చేవాళ్లు దాన్ని దాటుకునే లోపలికి రావాలి. మళ్లీ వేలానికి పెట్టాను, కొన్న ధర తీసేశాను. మీ ఊళ్లో పాటంటే పెంచడమా, తగ్గించడమా? ముందు అది చెప్పి, తర్వాత మంచం అడగండి.