ఫ్రిజ్జుకు ప్లేడే

పక్కింటి వదినె పోయిందన్న కబురు ఆదివారం పొద్దున వచ్చింది. ఆసిఫాబాద్ నుంచి ఆమె బిడ్డ ఫోన్ చేసింది. "అత్తమ్మా, అవ్వ ఇగ లేదు. రాత్రి మంచిగనే పండుకున్నది, పొద్దుగాల్ల లేవలే" అన్నది. ఇలాంటి మాట చెవిన పడ్డప్పుడు మనిషి ఏదో ఒక తగిన మాట అనాలి. నా నోటికి మాత్రం వేరేది వచ్చింది. "మీ అవ్వ పెట్టిన నిమ్మకాయ తొక్కు డబ్బ నా ఫ్రిజ్‌ల ఉన్నది బిడ్డా" అన్నాను. తర్వాత ఇద్దరం ఏడ్చాం.

ఆమె నాకు చుట్టం కాదు. గనిలో పనిచేసే ఆమె పెనిమిటి పక్కింట్లోకి దిగిన వారమే నన్ను "చెల్లె" అని పిలిచాడు కాబట్టి ఆమె నాకు వదినె అయింది. బెల్లంపల్లిలో వరుసలు అలాగే కలుస్తాయి. దానికి రక్తం అక్కర్లేదు, మధ్యగోడ ఒకటైతే చాలు. నేను హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరయినదాన్ని కాబట్టి ఆమెకు నేను వరుసలేమీ లేకుండా "టీచరమ్మ"నే. గనులు ఒక్కొక్కటే మూతబడుతుంటే మా వరుస ఇళ్లకు తాళాలు పెరుగుతూ వచ్చాయి. చివరికి సందెవేళ లైటు వేసే ఇళ్లు రెండే మిగిలాయి. ఇప్పుడు ఒకటి.

వారంలో మిగతా రోజులు నేను ఎలాగో నెట్టుకొస్తాను. పేపరుంది, తప్పులు పట్టడానికి టీవీ వార్తలున్నాయి. ఆదివారం ఎలా గడవాలన్నదే నా పరేషాన్. ఎందుకంటే ఆదివారం ఆమెది. అది మీకు అర్థం కావాలంటే ముందు ఆమె ఫ్రిజ్ సంగతి చెప్పాలి.

వాళ్లింటికి ఫ్రిజ్ వచ్చిన రోజు వదినె దానికి పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, ముందుగదిలో గోడకు ఆనించి నిలబెట్టింది. పైన తను అల్లిన లేసుగుడ్డ కప్పింది. అది రెండు పక్కలా మోకాళ్ల దాకా దిగింది. గుడ్డ మీద గడియారం, గడియారం పక్కన పూలకుండీ. పెళ్లికూతురిని చూడ్డానికి వచ్చినట్టు వాడకట్టంతా వచ్చి చూసింది. నేనూ వెళ్లాను, వెళ్లినదాన్ని ఊరికే ఉండలేదు.

"వదినె, గోడకు జానెడు దూరం జరుపు. వెనకనుంచి వేడి పోవాలె. గా గుడ్డ తీసెయ్."

"గుడ్డ తీస్తె దుమ్ము పడదా?"

"దుమ్ము ముందట గాదు, వెనక పడ్తది. వెనక గొట్టాలున్నయి సూడు, గవ్విటి మీద బొగ్గుదుమ్ము పేరుకపోతె లోపల సల్లగ గాదు. కరెంటు మాత్రం మంచిగ తాగుతది. నెలకోసారి బంద్ జేసి బ్రష్షుతోటి దులుపు."

ఆమె నన్ను, ఫ్రిజ్‌ను మార్చి మార్చి చూసి, "కొన్నది మేము, పరీక్ష పెట్టేది నువ్వు" అన్నది. కానీ సాయంత్రానికి ఫ్రిజ్ జానెడు ముందుకు జరిగింది. గుడ్డ మాత్రం చివరిదాకా దిగలేదు. ఇద్దరం మాట్లాడుకుని దాన్ని సగానికి మడిచే ఒప్పందానికి వచ్చాం.

ఫ్రిజ్ వచ్చాక మొదటి ఆదివారం నా గుమ్మం ముందు ఆమె కనిపించింది. ఒక చేతిలో గిన్నె మీద గిన్నె, చంకలో పాలసీసా, కొంగులో కొత్తిమీర కట్ట. ఇల్లు ఖాళీ చేసి వస్తోందేమో అనుకున్నాను.

"జర నీ ఫ్రిజ్‌ల జాగియ్యి టీచరమ్మా. ఇయ్యాల మా దానికి ప్లేడే."

బొగ్గు ఊరికి కొత్తవాళ్లకు చెబుతున్నాను, గనిలో వారానికొకసారి వచ్చే సెలవును ఇక్కడ ప్లేడే అంటారు. షిఫ్టులతో సాగే ఇళ్లలో ఆ రోజుకు ఉన్న గౌరవం పండగకు కూడా లేదు. ఆ రోజు మొగుణ్ణి ఎవరూ పొద్దున్నే లేపరు. ఫ్రిజ్‌ను లేపడం కూడా పాపమే అని ఆమె లెక్క. స్విచ్ తీసేసి, లోపలిదంతా నా దగ్గర పెట్టి, గోరువెచ్చని నీళ్లలో వంటసోడా వేసి తుడిచి, తలుపు ఓరగా తెరిచి సాయంత్రం దాకా వదిలేస్తుందట.

"అది మనిషి గాదు వదినె," అన్నాను. "లోపల సల్లబడంగనే తనంతట తనే ఆగుతది. మల్ల వేడైతె నడుస్తది. దానికి సెలవు అక్కర్లే."

"ఆగుడు వేరు, సెలవు వేరు" అన్నది వదినె. "మా ఆయన గూడ బొగ్గుబాయిల చాయ్ తాగెటందుకు ఆగుతడు. గది సెలవు అయితదా?"

నేను చాలామంది మొండి పిల్లలకు పాఠం చెప్పాను. వాళ్లలో ఒక్కరూ నన్ను ఇలా ఓడించలేదు. గిన్నెలకు జాగా చేశాను.

అలా మొదలైంది. ప్రతి ఆదివారం ఆమె గిన్నెలు మా బల్ల మీదికి వచ్చేవి. ఊరికే తెచ్చి పెట్టి పోవడానికి నేను ఒప్పుకోలేదు. ఒక్కొక్క మూత తీసి విచారణ జరపాలి. ఏది ఎప్పుడు వండింది, ఏది వేడి తగ్గకముందే లోపలికి పోయింది, ఏది మూత లేకుండా ఉల్లిగడ్డ పక్కన కూర్చుని దాని వాసన పట్టుకుంది. పచ్చి మాంసం పై అరలో పెడితే దాని నీళ్లు కింద ఉన్న పెరుగులోకి కారతాయని చెప్పడానికి నాకు ఒక చలికాలం పట్టింది. అప్పటినుంచి ఆమె మాంసాన్ని అడుగు అరలోనే పెట్టేది, కానీ "టీచరమ్మ పెట్టుమన్నది" అని ఇంటికొచ్చిన అందరికీ చెప్పేది. ఏదైనా చెడిపోతే నా మీద వేయడానికి వీలుగా.

తలుపు చుట్టూ ఉండే రబ్బరు పట్టీ వదులయిందో లేదో చూడటానికి ఒక కాగితం పెట్టి మూసి లాగమన్నాను. జారి వస్తే పట్టీ పోయినట్టు, బిగిసి ఉంటే బాగున్నట్టు. ఆమె క్యాలెండర్ చింపి పెట్టింది. కాగితం రాలేదు, చిరిగింది. "మస్తు గట్టిగున్నది" అని ఆ చిరిగిన ముక్కను తెచ్చి నాకు చూపించింది. దాని మీద వెంకటేశ్వరస్వామి సగమే ఉన్నాడు.

మా మధ్య ఒక్కసారే నిజంగా చెడింది. ఎండాకాలంలో గాలిదుమారం వచ్చి కరెంటు పోయింది, మర్నాడు గాని రాలేదు. కరెంటు పోయినప్పుడు ఫ్రిజ్ తలుపు ముట్టుకోవద్దు, మూసి ఉంటే లోపలి చల్లదనం కొంతసేపు నిలుస్తుంది అని నేను ఎన్నిసార్లు చెప్పానో. ఆమె ఊరుకోలేకపోయింది. పోయి తెరిచి చూడటం, చెయ్యి పెట్టి చూడటం, మూయడం, మళ్లీ తెరవడం.

"సల్లగున్నదా లేదా సూడకుంటె ఎట్ల తెలుస్తది?"

"నువ్వు సూసుడు తోనే వేడైతున్నది వదినె."

ఆదివారం నాడు, అంతసేపూ ఆ ఫ్రిజ్‌లోనే ఉన్న కోడికూర గిన్నె మా బల్ల మీదికి వచ్చింది. వాసన బాగానే ఉందన్నది ఆమె. చెడిన ప్రతిదీ ముక్కుకు చెప్పి చెడదు అన్నాను. మల్ల మరిగిస్త అన్నది. మరిగించినా పోనివి ఉంటాయన్నాను. ఆమె ఇంకేదో అనేలోపు గిన్నె తీసుకుపోయి పారబోశాను. నాటుకోడి. వదినె మొహం చూడాల్సింది. ఖాళీ గిన్నె తీసుకుని వెళ్లిపోయింది. వారమంతా మాటల్లేవు. ఆమె ముగ్గు వేస్తుంటే నేను బయటికి వస్తే ముగ్గు సగంలో ఆగిపోయేది.

ఆదివారం మాత్రం గిన్నెలు వచ్చాయి. తలుపు కొట్టలేదు, పలకరించలేదు, నేరుగా వచ్చి బల్ల మీద పెట్టింది, నా ఫ్రిజ్ తెరిచి తనే సర్దింది. మాటలు బంద్ అయ్యాయి కానీ ప్లేడే బంద్ కాలేదు. వెళ్తూ వెళ్తూ గోడతో చెప్పినట్టు, "కోడికూర లేదు, ఫికర్ చెయ్యకు" అన్నది.

న్యాయంగా ఒకటి ఒప్పుకోవాలి. ఆమె తర్కం తప్పు, ఫలితం ఒప్పు. వారం వారం ఖాళీ చేయడంవల్ల ఆ ఫ్రిజ్‌లో ఏదీ మూలకు పోయి మరుగున పడలేదు. ఫ్రీజర్ పైగదిలో మంచుగడ్డ పేరుకుని, దాన్ని కత్తితో పొడిచి గొట్టం పాడుచేసుకునే అవస్థ ఆమెకు రాలేదు, అది ఆదివారం తనే కరిగిపోయేది. వెనక నీళ్ల పళ్లెం ఒంపేది కాబట్టి దోమలు పుట్టలేదు. ఈలోపు నాది, అన్ని నియమాలూ తెలిసిన దాని ఫ్రిజ్, రెండుసార్లు రిపేరుకు పోయింది. "సెలవియ్యకుంటె గట్లనే అయితది" అన్నది వదినె. మార్కులు వేయాల్సి వస్తే సగం వేసేదాన్ని. మిగతా సగం కోసం ఆమె గొడవ పడేది.

మా ఆయన చనిపోయిన ఏటి సంగతి. దినాలయ్యాయి, చుట్టాలు వెళ్లిపోయారు. నేను అన్నం వండుకోవడం మానేశాను. చాయ్, బిస్కెట్టు. ఆదివారం వదినె గిన్నెలతో వచ్చి నా ఫ్రిజ్ తెరిచింది. చుట్టాలు వదిలిపెట్టిపోయిన కూరలు బూజు పట్టి ఉన్నాయి. సైన్సు టీచరు ఫ్రిజ్‌లో బూజు. ఆమె దగ్గర అనడానికి ఎన్ని మాటలుండి ఉంటాయో నాకు తెలుసు. ఒక్కటీ అనలేదు. తను తెచ్చిన గిన్నెలు బల్ల మీద పెట్టి, స్విచ్ తీసి, కింద కూర్చుని నా ఫ్రిజ్ కడిగింది. అరలు బయటికి తీసి ఎండలో పెట్టింది. నేను కుర్చీలో కూర్చుని చూస్తూ ఉన్నాను.

"ఆకలి లేకున్నా డోర్ తియ్యాలె టీచరమ్మా" అన్నది, గుడ్డ పిండుతూ. "తియ్యకుంటె లోపల ఏమున్నదో మనకే యాదికుండది."

తర్వాత ఇద్దరం ఆమె తెచ్చిన పప్పుతో అన్నం తిన్నాం. నేను మళ్లీ తినడం ఆ రోజునుంచే.

కొన్నేళ్లకు నన్ను చెల్లె అని పిలిచిన అన్న కూడా పోయాడు. బిడ్డ పెళ్లయి ఆసిఫాబాద్ వెళ్లింది. వదినె గిన్నెలు తగ్గుతూ వచ్చాయి. ఒక ఆదివారం ఒక పెరుగు గిన్నె, ఒక నిమ్మకాయ పట్టుకుని వచ్చింది. నిమ్మకాయను పెద్ద సామానులా అరచేతిలో పెట్టుకుంది.

"గింతదానికి ప్లేడే ఎందుకు వదినె?"

"పని తక్కువున్నదని సెలవు కోస్తరా? ఏం మాట్లాడ్తున్నవ్ నువ్వు?"

ఆ నిమ్మకాయకు జాగా చూపించాను. నా ఫ్రిజ్‌లో మాత్రం ఏముంది కనుక, జాగా అంతా జాగానే. అయినా ఇద్దరం చాలాసేపు సర్దాం.

చివరిసారి ఆమె ఆసిఫాబాద్ బయల్దేరింది బిడ్డ కొత్తింట్లో పాలు పొంగించడానికి. ఊరికి పోయే ముందు ఏం చేయాలో ఆమెకు నేను చెప్పాల్సిన పని లేదు. ఫ్రిజ్ ఖాళీ చేసింది, ప్లగ్గు పీకింది, తడి లేకుండా తుడిచింది, తలుపు మూసుకుపోకుండా మధ్యలో నీలం గళ్ల తువ్వాల మడిచి పెట్టింది. తొక్కు డబ్బా, చింతపండు నాకిచ్చింది. ఇంటి తాళం చెవి ఇచ్చింది. ఆటో ఎక్కుతూ, "ఇగ దానికి పెద్ద ప్లేడే. నేనొచ్చినంక డ్యూటీ ఎక్కిస్త" అన్నది.

కర్మలయ్యాక బిడ్డ, అల్లుడు సామాను తీసుకుపోవడానికి ట్రాలీ తెచ్చారు. "ఫ్రిజ్ నువ్వు తీస్కో అత్తమ్మా, అవ్వ ఉంటె నీకే ఇయ్యమంటుండె" అన్నది పిల్ల. నాకు నా ఫ్రిజ్జే పెద్దదయిందన్నాను. పడుకోబెట్టి తీసుకుపోవద్దు, నిలబెట్టే కట్టండి, అక్కడ దింపిన వెంటనే స్విచ్ వెయ్యొద్దు, కొన్ని గంటలు ఆగనివ్వండి, గోడకు జానెడు దూరం అని నా పాఠం నేను చెప్పాను. తలుపులో ఉన్న తువ్వాల మాత్రం నేను తీసుకున్నాను. తాడు కడుతున్నంతసేపూ పిల్ల ఏదో అడగాలని అడగలేక తిరిగింది. చివరికి అడిగింది.

"అత్తమ్మా, నువ్వు సైన్సు టీచరువు గదా. ఆదివారం నిజంగ బంద్ వెట్టాల్నా? అవ్వ ఎప్పుడు ఫోన్ జేసినా గదే జెప్పేది."

అక్కర్లేదు. నలభై మంది పిల్లల ముందు అడిగినా అదే చెబుతాను. అది తనంతట తనే ఆగుతుంది, తనంతట తనే నడుస్తుంది. నోటిదాకా వచ్చింది ఆ జవాబు.

"వెట్టు" అన్నాను. "లోపల ఉన్నదంత పక్కింట్ల వెట్టి, బంద్ జెయ్యి."

"పక్కింట్ల ఎవ్వరున్నరో నాకు తెల్వనే తెల్వది అత్తమ్మా. కొత్త జాగా గదా."

"అందుకే."

ఆ పిల్ల నన్ను కాసేపు చూసింది. ఆ చూపు వాళ్లమ్మదే, నన్ను, ఫ్రిజ్‌ను మార్చి మార్చి చూసిన చూపు. ట్రాలీ మలుపు తిరిగేదాకా ఆ ఫ్రిజ్ మాత్రం నిటారుగా, నన్నే చూస్తూ వెళ్లింది.

తర్వాతి ఆదివారం నేను నా ఫ్రిజ్ ఖాళీ చేశాను. ఉన్నది కొంచెమే. పెరుగు, సగం సొరకాయ, ఆమె తొక్కు డబ్బా. గిన్నె మీద గిన్నె పెట్టుకుని గుమ్మం దాకా వెళ్లాను. పక్కింటికి తాళం. ఆ తాళం చెవి నా దగ్గరే ఉంది, అయినా తాళం తాళమే. వెనక్కి వచ్చి అన్నీ బల్ల మీద పెట్టాను. స్విచ్ తీశాను. ఇన్నేళ్లు ఆ మోత వింటున్నానని అది ఆగాక గానీ తెలియలేదు.

సోడా నీళ్లతో తుడిచాను. బల్ల దగ్గర రెండో కుర్చీ కొంచెం జరిపి ఉంచాను. పైగదిలో మంచు కరిగి పళ్లెంలో ఒక్కో బొట్టూ పడుతోంది. తలుపు ఓరగా తెరిచి ఉంది, మూసుకుపోకుండా మధ్యలో నీలం గళ్ల తువ్వాల.