తెప్పా? నావా?

మొన్న జూబ్లీహిల్స్‌లో చేపల కూరలకు పేరుపడ్డ ఒక హోటల్ ముందు, నీలం రంగు పూసిన చిన్న నావలో మట్టి నింపి పూలమొక్కలు నాటి ఉండటం చూశాక, మావాళ్లు లోపలినుంచి పిలుస్తున్నా నేను అక్కడే నిలబడిపోయాను. మా బావ గుర్తొచ్చాడు.

మాది బోరబండలో కిరాణా కొట్టు. ఉప్పు దగ్గర కూడా గంటసేపు బేరమాడి, చివరికి చెమ్మగిల్లిన బస్తా మోసుకొచ్చే తెలివి నాది. మా అక్కను చేసుకున్న బావది భీమిలి వైపు సముద్రపుటొడ్డు. వాళ్లదీ వ్యాపారమే గానీ, ఆయన తక్కెడ వదిలి ఫిల్మ్‌నగర్‌లో సెట్లు వేసేవాళ్ల దగ్గర చేరి, తల నెరిసేదాకా ఎవరెవరి పేర్ల కిందో పనిచేశాడు. ఆఖరికి ఒక జాలరి కథకు కళాదర్శకుడిగా ఆయన పేరే వేస్తామన్నారు. ఇదీ తప్పితే మా కొట్లో కూర్చుంటానని అక్కకు మాటిచ్చాడు. ఆ మాటకు మేమందరం లోలోపల సంతోషించాం కూడా.

కథానాయకుడికి ఏ పడవ పెట్టాలన్నది ఆయనే తేల్చాలి. నావంటే పలకలతో చేసినది, ఒళ్లు తడవకుండా కూర్చోవచ్చు, అద్దెకు ఇక్కడే దొరుకుతుంది. తెప్పంటే తాళ్లతో కలిపి కట్టిన దుంగలు, సందుల్లోంచి నీళ్లు మీదికి వస్తూనే ఉంటాయి. సెట్‌కు సామాను కొని తెచ్చే పని బావ నాకే అప్పగించాడు గనుక నా ఓటు నావకే.

“బావా, గా దుంగల మీద హీరోయిన్ ఎట్ల కూసుంటది? చీర ఖరాబైతది!”

“తడవాల్రా బామ్మర్దీ! ఒళ్లు తడవనోడు జాలరెలా అవుతాడు?”

సరేనని భీమిలి దాకా పోయి, ఒక ముసలి జాలరితో పొద్దంతా బేరమాడి, తాళ్లు ఊరికే ఇప్పించుకుని, అదేదో రాజ్యం గెలిచినట్టు తెప్పను లారీ ఎక్కించాను. స్టూడియోలో రాళ్లు తొలిచి కట్టిన నీటిగుంటలో అది తేలుతుంటే బావ ముఖం చూడాలి! సాయంత్రం, భీమిలి జాలర్ల అలవాటు ప్రకారం, ఆయనే కట్లు విప్పి దుంగలను విడివిడిగా ఆరబెట్టాడు. కట్టే ఉంచితే నీరు పీల్చుకుని బరువెక్కుతాయి మరి. తెల్లవారి వెళ్లేసరికి మిగిలినవి నేను ఊరికే తెచ్చిన తాళ్లే. రాత్రి పక్క సెట్లో నెగడు చుట్టూ పాట తీశారట.

“గవి పడవనా సార్? ఉత్త మొద్దులనుకున్నం. మంచిగ మండినయ్ గూడ,” అన్నాడు అక్కడి పనివాడు, మేమేదో మెచ్చుకుంటామన్నట్టు.

దర్శకుడు ఆగలేదు. మధ్యాహ్నానికల్లా అద్దె నావ వచ్చింది, దాని వెనకే మరో కళాదర్శకుడూ వచ్చాడు. బావ అక్కకిచ్చిన మాట ప్రకారం వచ్చి కొట్లో కూర్చున్నాడు.

ఇప్పుడైతే సముద్రాన్నే కంప్యూటర్లో పుట్టిస్తున్నారు, నటులు ఆకుపచ్చ గుడ్డ ముందు ఉత్త గాలిలో తెడ్డు వేస్తున్నారు. మన రోజుల్లో పని తెలిసినవాడి పేరు తెర మీద పడలేదని ఏడ్చాం. ఇవాళ ఆ తెలిసినదానికే గిరాకీ లేదు. బావ పోయేదాకా కొట్లోనే ఉన్నాడు. ఈగలు తోలుకుంటున్న పూట కూడా, సినిమాకు రమ్మంటే, కొట్టెవరు చూస్తారనేవాడు.