రెండో నోరు

రాజమండ్రిలో మా పై వాటా మాస్టారు ఒక్కరు చెప్పిన మాటని ఎప్పుడూ నమ్మేవారు కాదు. సైబీరియా వైపు మాట్లాడే తుంగూసిక్ భాషలు ఒకప్పటి ఒకే భాష నుంచి ఎలా విడిపోయాయన్నది ఆయన పరిశోధన. ఒక మాట వింటే నోటుబుక్కులో పెన్నుతో ఒక టిక్కు పెట్టేవారు. అదే ఇంకొకరి నోట వింటేనే రెండో టిక్కు. చేపలావిడ పులసేనండి అన్నా సరే, వీధి చివరికెళ్లి ఇంకో గంపావిడని అడిగొచ్చేవారు.

"నాది నోరు కాదేంటండి?" అని ఆవిడ సణిగేది.

ఒకరోజు ఆవిడ గంపలోని చేపనే ఎత్తి, వీడియో కాల్లో సైబీరియాలోని ఒక ముసలావిడకి చూపించి, మీ భాషలో దీన్నేమంటారని రష్యన్‌లో అడిగారు. ఆవిడ చెప్పింది. మాస్టారు ఒక టిక్కు పెట్టి ఆగిపోయారు.

"రెండోది పెట్టరేంటండి?"

"ఆ భాష వచ్చినవాళ్లలో ఈవిడొక్కతే మిగిలిందమ్మా."

చేపలావిడ ఫోన్ మీదకి వంగి, ముసలావిడ చేపకి చెప్పిన మాటనే వీధిలో కేకేసినట్టు గట్టిగా అంది. అవతల ముసలావిడ పగలబడి నవ్వి, అవునవునని తలూపింది.

మాస్టారు రెండో టిక్కు పెట్టారు. పెన్సిల్‌తో.